రెండు రోజులు ఉండి వెళ్ళేవాళ్ళ వల్ల ఊరు అంతగా మారిపోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఊరి జనాభా రెండు వేల లోపు. దగ్గర్లోని జలపాతం వీడియోలు ఫోన్లలో బాగా తిరిగి, రెండేళ్ళుగా సెలవు రోజుల్లో జనం విరగబడి వస్తున్నారు. "నాలుగు డబ్బులు కళ్ళజూస్తున్నాం, మీకెందుకు ఏడుపు" అని సగం ఊరు, "ఊరు మన చేతుల్లోంచి పోతోంది" అని మిగతా సగం. వచ్చేవాళ్ళు ఎలాగూ రెండు రోజులుండి పోయేవాళ్ళే కదా, వాళ్ళ వల్ల ఊరి బతుకు నిజంగా మారుతుందా? మారేటట్టయితే ఊరి కమిటీ మొదట దేన్ని పట్టుకోవాలి? పార్కింగ్ రుసుము పెట్టాలా వద్దా?

మారుతుంది. వచ్చిన మనిషి వెళ్ళిపోతాడు, అతని కోసం ఊరు చేసుకున్న ఏర్పాటు ఉండిపోతుంది. అద్దె గదులుగా మారిన ఇంట్లో మళ్ళీ ఒక కుటుంబం కాపురం పెట్టడం అరుదు. పార్కింగ్ కోసం చదును చేసిన పొలంలో మళ్ళీ నాగలి దిగదు. పైగా ఒక్కొక్కరూ తాత్కాలికమే గానీ గుంపు తాత్కాలికం కాదు. ఒకరు బ్యాగు సర్దుకుంటుంటే ఇంకొకరు తాళం చెవి అందుకుంటుంటారు. అందుకే నా సలహా ఒక్క ముక్కలో: ఎంతమంది వచ్చారన్నది ఎలాగూ లెక్కేస్తారు, దానితోపాటు వాళ్ళ కోసం ఊళ్ళో ఏమేం శాశ్వతంగా మార్చుకున్నారో కూడా రాసిపెట్టుకోండి. అసలు సంగతి ఆ రెండో లెక్కలో తెలుస్తుంది.

చిన్న ఊళ్ళకు నీటి సరఫరా, మురుగు, ఇళ్ళ ప్లానింగ్ చూసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం బయటి జనం తాకిడి ఉన్న ఊళ్ళే. వచ్చేది పర్యాటకులు కావచ్చు, యాత్రికులు కావచ్చు, ప్రాజెక్టు పనికి దిగిన కూలీలు, ఇంజనీర్లు కావచ్చు. ఊరి మీద పడే బరువు ఆశ్చర్యం కలిగించేంత ఒకేలా ఉంటుంది.

ఇళ్ళతో మొదలవుతుంది

కొత్త ఊరికి వెళ్ళినప్పుడు హోటళ్ళ లెక్క తర్వాత అడుగుతాను. ముందు, సీజన్ లేని రోజుల్లో, వారం మధ్యలో, రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఏదో ఒక వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తాను. ఎన్ని ఇళ్ళలో లైట్లు వెలుగుతున్నాయి? ఎన్ని గుమ్మాల పక్కన అంకెలు తిప్పి తెరిచే చిన్న తాళంచెవి పెట్టెలు వేలాడుతున్నాయి? కొట్టు ముందు అరలో మేకులు, బల్బులు, నోటుపుస్తకాలు ఉన్నాయా, లేక ఫ్రిజ్‌కు అంటించే బొమ్మలు, టోపీలు వచ్చేసి మేకులు వెనక గదిలోకి పోయాయా? ఏ సర్వే కాగితమూ చెప్పనంత విషయం ఆ నడకలో తెలుస్తుంది.

అలాంటి ఒక వీధిలో ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ ఒకరు చెప్పారు. రాత్రి వంటింట్లో గ్యాస్ వాసన వస్తే, రెగ్యులేటర్ ఆపేసి బయటికొచ్చి, ఎవరి తలుపు కొట్టాలో తెలియక మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్ళారట. ఇళ్ళన్నీ ఉన్నాయి, అన్నింటికీ కొత్త రంగులు కూడా ఉన్నాయి. పిలిస్తే పలికే మనిషే లేడు. ఆవిడకు సందర్శకుల మీద కోపం లేదు. "పిల్లలు మంచివాళ్ళే, నమస్కారం పెడతారు, కానీ ప్రతివారం కొత్త మొహాలేనండీ" అన్నారు.

ఇది ఎంత దూరం పోగలదో ఇటలీలోని వెనిస్‌ని చూస్తే తెలుస్తుంది. పెద్ద నగరమే అయినా జరిగే తీరు ఇదే. అక్కడి పాత నగరంలో 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు. 2022కల్లా ఆ సంఖ్య 50,000 కంటే కిందికి పడిపోయింది. దీనికి పర్యాటకం ఒక్కటే కారణం కాదు. వరదలు, పాత ఇళ్ళ మరమ్మతు ఖర్చు, దీవుల మీదున్న ఆ పాత నగరానికి బయట, ప్రధాన భూభాగంలో ఉద్యోగాలు, ఇవీ ఉన్నాయి. కానీ ఖాళీ అయిన ఇల్లు మళ్ళీ కాపురానికి దొరక్కుండా చేసింది మాత్రం ఎక్కువగా సందర్శకుల గిరాకీయే.

ఇక్కడ ఒక హెచ్చరిక. "బయటివాళ్ళకు ఇళ్ళు అమ్మకూడదు" అని రూల్ పెట్టేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్ అనే తీర పట్టణంలో 2016లో జనవాక్యం పెట్టారు. కొత్తగా కట్టే ఇళ్ళు అక్కడే ఉండేవాళ్ళకు మాత్రమే అమ్మాలన్న ప్రతిపాదనకు ఎనభై శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. తీరా జరిగిందేమిటంటే, సెలవులకు ఇల్లు కావాలనుకునే డబ్బున్నవాళ్ళు పాత ఇళ్ళ మీద పడ్డారు, కొత్తవి కట్టే బిల్డర్లు వెనక్కి తగ్గారు. దాంతో ఊరివాళ్ళు పెట్టుకున్న ఆశ పూర్తిగా నెరవేరలేదు. స్విట్జర్లాండ్‌లో 2012లో దేశమంతా ఓటేసి, ఏ ఊళ్ళోనైనా సెలవులకు మాత్రమే వాడే రెండో ఇళ్ళు 20 శాతం దాటకూడదని పెట్టుకున్నారు. దానివల్ల కొండ ఊళ్ళలో భవన నిర్మాణం మీద బతికేవాళ్ళకు దెబ్బ తగిలింది. ఇలాంటి రూల్స్ వద్దని నేను అనడం లేదు. కొత్త ఇంటికి ఒక రూల్, పాత ఇంటికి ఒక రూల్ పెడితే డబ్బు పాత ఇంటి వైపు పారుతుందని గుర్తుంచుకోండి. కెనడాలోని విస్లర్‌లో దీన్ని ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. మంచు ఆటల సీజన్‌కు పనివాళ్ళు కావాలి, వాళ్ళు ఉండడానికి ఇళ్ళు లేవు. అందుకని 1997లో దీనికోసమే ఒక సంస్థ పెట్టి, ఉద్యోగుల్లో కనీసం 75 శాతం మంది ఊళ్ళోనే ఉండాలని లక్ష్యం పెట్టుకుని, స్థానిక ఉద్యోగులకే పరిమితమైన ఇళ్ళు కట్టుకుంటూ వస్తున్నారు. మీలాంటి ఊరికి నాకు నచ్చిన దారి ఇది.

సగటు లెక్క మోసం చేస్తుంది

"ఏడాదికి ఇంతమంది వస్తున్నారు, రోజుకు సగటున ఇంతే" అని అధికారులు చెప్పే లెక్క నాకు ఎప్పుడూ టెన్షన్ పెడుతుంది. పైపు సగటు రోజున పగలదు, రద్దీ రోజున పగులుతుంది. ట్యాంకు, మురుగు శుద్ధి, చెత్త బండి, అంబులెన్స్, అన్నీ ఆ నాలుగు రద్దీ రోజులకు సరిపోయేలా కట్టాలి. వాటి నిర్వహణ ఖర్చు మిగతా ఏడాదంతా మోసేది ఊళ్ళో ఉండేవాళ్ళే. ఆ రద్దీకి తగ్గట్టు కట్టకపోతే మురుగు జలపాతం కిందికి చేరుతుంది.

ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్ దీవి విస్తీర్ణం దాదాపు పది చదరపు కిలోమీటర్లు. మురుగు నేరుగా సముద్రంలోకి పోతుండడంతో 2018 ఏప్రిల్ 26 నుంచి ఆరు నెలలపాటు దీవిని సందర్శకులకు పూర్తిగా మూసేశారు. తిరిగి తెరిచినప్పుడు ఒకేసారి దీవిలో 19,215 మందికి మించి పర్యాటకులు ఉండకూడదని పరిమితి పెట్టారు. మూసిన ఆరు నెలల్లో ఎక్కువ నలిగింది రోజుకూలీ మీద బతికేవాళ్ళు. పరిమితి ముందే పెట్టుకుంటే కొంచెం ఆదాయం తగ్గుతుంది. పెట్టుకోకపోతే ఒకరోజు ఎవరో వచ్చి మొత్తం మూసేస్తారు.

ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే ఊరుంది. జనాభా ఎనిమిది వందలు కూడా లేదు. రద్దీ రోజుల్లో పది వేల మంది దాకా వస్తారు. చైనాలోని గువాంగ్‌డాంగ్‌లో దానికి నకలుగా ఇంకో ఊరు కట్టి 2012లో తెరిచారంటే ఆ మోజు అర్థం చేసుకోండి. ఇప్పుడు టూరిస్టు బస్సులు ముందే స్లాట్ తీసుకుని రావాలి. 2023లో, అందరూ సెల్ఫీలు తీసుకునే చోట దృశ్యం కనబడకుండా చెక్క కంచె కట్టి, విమర్శలు రావడంతో కొద్ది రోజులకే తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో ఊరివాళ్ళు రోడ్డెక్కి నిరసన చేశారు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ పదివేలలో చాలామంది రాత్రి ఉండరు. గంటో రెండు గంటలో తిరిగి, ఫోటోలు తీసుకుని, మరుగుదొడ్డి వాడుకుని వెళ్ళిపోతారు. రాత్రి బస చేసే ఒక్కరు ఇచ్చే ఆదాయం ఎక్కువ, పగటిపూట వచ్చిపోయేవాళ్ళు తెచ్చే గందరగోళం ఎక్కువ. కమిటీ మీటింగుల్లో ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టేస్తారు, వాదనలు తెగకపోవడానికి అదొక కారణం.

అలాస్కా రాజధాని జునోది ఇంకో పద్ధతి. జనాభా 32,000 దాకా ఉంటుంది, క్రూజ్ ఓడల్లో ఏటా పదహారు లక్షలకు పైగా వస్తారు. ఊరు ఓడల కంపెనీలతో కూర్చుని 2024లో ఒప్పందం చేసుకుంది. 2026 సీజన్ నుంచి ఓడల్లోని బెర్తుల లెక్కన రోజుకు 16,000, శనివారం 12,000 మించకూడదు. ఈ పరిమితి ఎక్కువేనని ఊళ్ళోనే చాలామంది అంటారు, నిజమే కావచ్చు. కానీ ఏడాది మొత్తానికి కాకుండా రోజుకు లెక్క కట్టారు చూడండి, అది సరైన కొలత.

పనులు, పిల్లలు

ఇక్కడ మంచి కూడా చాలా ఉంది, దాన్ని కొట్టిపారేయను. సందర్శకుల వల్లే బస్సు సర్వీసు ఆగకుండా నడిచిన ఊళ్ళు, మందుల షాపు నిలబడ్డ ఊళ్ళు చూశాను. చేతిలో సొంతంగా డబ్బు ఆడడం మొదలయ్యాక ఇంట్లో మాట చెల్లుబాటైన ఆడవాళ్ళను చూశాను. పట్నం పోవాల్సిన కుర్రాళ్ళు ఊళ్ళోనే ఆగారు.

రెండో వైపు: సీజన్‌లో చేతినిండా డబ్బు చూసిన పదహారేళ్ళ కుర్రాడికి స్కూలు చప్పగా అనిపిస్తుంది. చిన్నపిల్లలు చాక్లెట్లకూ పెన్నులకూ చేయి చాపడం నేర్చుకుంటారు. వచ్చినవాళ్ళు ముచ్చటపడి ఇస్తారు, ఏడాది తిరిగేసరికి అదే అలవాటవుతుంది. ఇవ్వదలచుకున్నది బడికి ఇవ్వండని దారి మొదట్లోనే బోర్డు పెడితే కొంత తగ్గుతుంది.

ఊరంతా ఒకే ఆదాయం మీద ఆధారపడడం అన్నిటికంటే ప్రమాదం. అమెరికాలోని నార్త్ డకోటాలో విల్లిస్టన్ అనే పట్టణం ఉంది. 2010 జనగణనలో 14,716 మంది, 2020లో 29,160. మధ్యలో చమురు బావుల పనికి వేల మంది మగవాళ్ళు వచ్చి క్యాంపుల్లో, ట్రైలర్లలో ఉన్నారు. అద్దెలు మహానగరాల స్థాయికి పోయాయి. పాతకాపులకే ఇల్లు దొరకని పరిస్థితి వచ్చింది. 2014 చివర్లో చమురు ధర పడిపోగానే చాలామంది వెళ్ళిపోయారు. కొత్తగా వేసిన రోడ్లకు, మురుగు వ్యవస్థకు చేసిన అప్పు పట్టణం నెత్తిన మిగిలింది. పర్యాటకం వేరు, చమురు వేరు అనుకోకండి. మీ జలపాతం వీడియోల మోజు చమురు ధర కంటే నిలకడైనదని నేనైతే అనుకోను.

పండగలు, ఆచారాలు

దీని గురించి మీరు అడగలేదు. కానీ రేపో మాపో "పండగను ఆదివారానికి మారుద్దాం, జనం వస్తారు" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు ఈ మూడు చోట్ల కథలు పనికొస్తాయి.

స్పెయిన్‌లోని ఓందర్రీబియాలో అలార్దే అని ఏటా జరిగే ఉత్సవం ఉంది. 1638లో ఫ్రెంచి సేనల ముట్టడిని తట్టుకుని నిలబడిన దానికి గుర్తుగా ఊరంతా పాల్గొంటుంది. 1969లో, చూడడానికి వచ్చినవాళ్ళందరికీ వీలుగా అదే రోజు రెండుసార్లు జరపాలని పట్టణ పాలకులు నిర్ణయించారు. అక్కడ పని చేసిన మానవశాస్త్రవేత్త డేవిడ్ గ్రీన్‌వుడ్ రాసిన ప్రకారం, రెండేళ్ళు తిరక్కుండానే ఊరివాళ్ళ ఉత్సాహం చచ్చిపోయింది, పాల్గొనేవాళ్ళకు డబ్బులివ్వాలా అన్న ఆలోచన దాకా వచ్చింది. తమ కోసం చేసుకునేది ఎదుటివాళ్ళ కోసం చేసే డ్యూటీ అయిపోయింది. ఆ తర్వాత ఉత్సవం రాజకీయంగా వేరే అర్థం తెచ్చుకుని నిలబడింది, అది వేరే కథ.

ఇండోనేషియాలోని బాలి దీవిలో దీనికి ముందే జాగ్రత్తపడ్డారు. 1971లో డెన్పసార్‌లో పండితులు, కళాకారులు కూర్చుని నాట్యాలను మూడుగా విడదీశారు: గుడి లోపల పూజలో భాగమైనవి, క్రతువుల వెంట జరిగేవి, వినోదం కోసం ఎవరైనా చూడగలిగేవి. ఆచరణలో ఆ గీతలు చెరిగిన సందర్భాలు లేకపోలేదు. కానీ "ఇది మీకు, ఇది మాకు" అని పైకి చెప్పుకోవడం వల్ల మేలు జరిగింది.

మూడోది జర్మనీలోని ఓబరామర్‌గావ్. ప్లేగు నుంచి కాపాడితే క్రీస్తు కథను నాటకంగా ఆడతామని 1633లో మొక్కుకుని, 1634 నుంచి ఆడుతున్నారు. పదేళ్ళకోసారి ఆడతారు. 2020లో ఆడాల్సింది కోవిడ్ వల్ల 2022కి వాయిదా పడింది. ఐదు వేల మంది ఉన్న ఊరికి ఆ ఏడాది లక్షల్లో జనం వస్తారు. వేషం కట్టాలంటే ఊళ్ళో పుట్టి ఉండాలి, లేదా ఇరవై ఏళ్ళు అక్కడ ఉండి ఉండాలి. ముందు ఏడాది నుంచే వేషధారులు జుట్టు, గడ్డం పెంచడం మొదలుపెడతారు. రోమన్ సైనికులు వేసేవాళ్ళకు మినహాయింపు. మంచి గిరాకీ ఉంది కదా అని ఏటా ఆడొచ్చు, ఆడరు. అంత జనాన్ని తట్టుకుని కూడా ఆ నాటకం ఊరిదిగానే మిగలడానికి ఈ రెండు రూల్స్ చాలా వరకు కారణమని నా అభిప్రాయం.

చిరాకు ఎప్పుడు మొదలవుతుంది?

1975లో జార్జ్ డాక్సీ అనే ఆయన ఆతిథ్యం ఇచ్చే ఊళ్ళ మనసు నాలుగు మెట్లలో మారుతుందని చెప్పారు: మొదట సంబరం, తర్వాత పట్టించుకోకపోవడం, తర్వాత చిరాకు, చివరికి బాహాటమైన వ్యతిరేకత. పనికొచ్చే లెక్కే గానీ, ఊరంతా కలిసి ఒకే మెట్టు మీద నిలబడడం నేను ఎక్కడా చూడలేదు. గదులు అద్దెకిచ్చే అన్న మొదటి మెట్టు మీద, పక్క వాటాలో అద్దెకుండే తమ్ముడు నాలుగో మెట్టు మీద ఉంటారు. మీ ఊళ్ళో సగం సగం చీలిక కూడా అదే అయ్యుంటుంది. ఒకసారి పేర్లు రాసి చూడండి: అనుకూలంగా ఉన్నవాళ్ళలో సొంత స్థలం రోడ్డు పక్కన ఉన్నవాళ్ళెందరు, వ్యతిరేకుల్లో అద్దెకుంటున్నవాళ్ళెందరు? సంస్కృతి గురించి అనుకున్న గొడవ చాలావరకు ఆదాయం ఎవరికి, ఇబ్బంది ఎవరికి అన్న గొడవగా తేలుతుంది.

సంఖ్య ఒక్కటే ఊరిని చెడగొట్టదు అనడానికి గ్యాండర్ సాక్ష్యం. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో పది వేల మంది ఉన్న పట్టణం. 2001 సెప్టెంబర్ 11న అమెరికా గగనతలం మూసేయడంతో 38 విమానాలు అక్కడ దిగాయి. ఆరున్నర వేల మందికి పైగా ప్రయాణికులు, చెప్పాపెట్టకుండా. సమ్మెలో ఉన్న స్కూలు బస్సు డ్రైవర్లు సమ్మె పక్కనపెట్టి బస్సులెక్కారు. బడుల్లో, చర్చిల్లో పడకలు వేశారు. వచ్చిపడిన ఆహారాన్ని ఐస్ హాకీ మైదానంలో నిల్వ చేశారు. కొద్ది రోజుల్లో అందరూ వెళ్ళిపోయారు, బడులు మళ్ళీ బడులయ్యాయి. ఎవరూ తమ ఇంటిని శాశ్వతంగా గదులుగా మార్చుకోలేదు. ఊరి జనాభాలో సగానికి మించిన గుంపు వచ్చిపోయినా ఊరు ఊరిలాగే ఉంది.

మరి మీ కమిటీ ఏం చేయాలి

మొదట, వచ్చే రద్దీ రోజుల్లో ముగ్గురు మనుషుల్ని పెట్టి వాహనాలు, ఉదయం సాయంత్రం ట్యాంకు మట్టం, చెత్త సంచులు లెక్కపెట్టించండి. ఒక మామూలు మంగళవారం కూడా అదే లెక్క తీయండి. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే మీటింగులో సగం అరుపులు తగ్గుతాయి.

రెండోది ఇళ్ళ పుస్తకం. ఏ ఇంట్లో ఎవరు ఉంటున్నారు, ఏది ఖాళీ, ఏది గదులకు ఇస్తున్నారు. ఆరు నెలలకోసారి దిద్దండి. గదుల సంఖ్య మీద పరిమితి పెట్టాలనుకుంటే ఇంకా కొద్దిమందే ఉన్నప్పుడు పెట్టండి. పెట్టుబడులు పెట్టి అప్పులు చేశాక ఎవరూ ఒప్పుకోరు, వాళ్ళను తప్పు పట్టలేం కూడా.

మూడోది, సందర్శకులకు లేని రోజు, లేని చోటు ముందే తీసిపెట్టుకోండి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 2019 ఏప్రిల్‌లో ఒక వారాంతం ముఖ్యమైన చోట్లన్నీ మామూలు సందర్శకులకు మూసేసి, వంద మంది స్వచ్ఛంద కార్యకర్తలను మాత్రం రానిచ్చి, దారులు బాగుచేయించుకున్నారు. వాళ్ళకు తిండి, బస ఊరివాళ్ళవి. మీరు అంత పెద్దగా చేయక్కర్లేదు. నెలలో ఒక సెలవు రోజు జలపాతం దారి మూసి, ఆ రోజు శుభ్రం చేసుకుంటే చాలు.

ఇక పార్కింగ్ రుసుము. పెట్టండి, కానీ దాంతో జనం తగ్గుతారని ఆశపడకండి. వెనిస్ 2024 ఏప్రిల్ 25 నుంచి ఎంపిక చేసిన రోజుల్లో పగటి సందర్శకుల దగ్గర 5 యూరోలు తీసుకుంటోంది, 2025లో ఆలస్యంగా బుక్ చేసుకునేవాళ్ళకు 10 చేసింది. అయినా జనం తగ్గలేదన్న విమర్శ అక్కడివాళ్ళదే. రుసుము జనాన్ని ఆపే గేటు కాదు, ఖర్చులు రాబట్టుకునే దారి. కాబట్టి పార్కింగ్‌ను ఊరి బయటే పెట్టి, అక్కడి నుంచి నడిచి రానివ్వండి. డబ్బు కమిటీ ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో వేయండి. నీళ్ళు, మరుగుదొడ్లు, చెత్త తప్ప ఇంకో ఖర్చుకు తీయకూడదని ముందే రాసుకుని, నెలనెలా ఆ లెక్క బోర్డు మీద అంటించండి. ఎంత పెట్టాలన్నది ఇప్పుడే తేల్చకండి. ముందు చెప్పిన రద్దీ రోజు లెక్క చేతికొచ్చాక, ఆ రోజు అదనంగా అయిన ఖర్చును వాహనాలతో భాగించి చూడండి.